ఖర్జూరం క్యారమెల్ చేసుకోండి, గింజలు మాత్రం పారేయకండి

మా నాన్నకి షుగర్. పన్నెండేళ్ళ నుంచీ ఉంది. అందుకని మా ఇంట్లో "షుగర్ లేదు" అన్న మాట ఎవరూ ఊరికే అనరు, దానికి రెండర్థాలు వస్తాయి కాబట్టి. పోయిన వేసవి సెలవుల్లో ఆ మాట నేను అన్నాను. పది పెద్ద ఖర్జూరాలు, అర గ్లాసు పాలు, చెంచాడు నెయ్యి, చిటికెడు ఉప్పు వేసి మెత్తగా తిప్పి, నిగనిగలాడే ఆ ముద్దని గాజు గిన్నెలోకి తీసి టేబుల్ మీద పెట్టి, "చిటికెడు పంచదార కూడా వెయ్యలేదు నాన్నా, షుగర్ లేదిందులో, నువ్వూ తినొచ్చు" అన్నాను. పిల్లలకి ఆపిల్ ముక్కలతో తినమని చేసింది అది. ఇంట్లో క్యారమెల్ అనేసరికి వాళ్ళకంటే ముందు ఆయనే వచ్చి కూర్చున్నాడు.

మొదట చపాతీకి రాసుకున్నాడు. తర్వాత ఒక బ్రెడ్డు ముక్కకి. ఆ తర్వాత మ్యాచ్ చూస్తూ చపాతీ, బ్రెడ్డు ఏమీ లేకుండా ఉత్త చెంచాతోనే. నేను వంటింట్లో ఉన్నాను, నాకేం తెలీదు. రెండు గంటల తర్వాత అమ్మ వచ్చి గిన్నె ఎత్తి చూస్తే సగం లేదు. వేలు గుచ్చి చూస్తే 271. ఆయనకి మామూలుగా భోజనం చేశాక 170, 180 మధ్య ఉంటుంది. అమ్మ ఆయన్ని ఒక్క మాటనలేదు. గ్లూకోమీటర్ తెచ్చి నా చేతిలో పెట్టి, "షుగర్ లేదన్నావుగా, ఉందో లేదో దీన్నడుగు" అంది.

ఇంత జరిగినా నేను ఖర్జూరం క్యారమెల్ మానలేదు. నెలకోసారైనా చేస్తాను, బాగుంటుంది. కాబట్టి దీన్ని చెయ్యొద్దని చెప్పడానికి ఇదంతా రాయట్లేదు. నా తగువల్లా ఆ వంటకానికి తగిలించే "హెల్దీ" అన్న తోకతోనూ, ఆ తోకని నమ్మి గిన్నె మొత్తం టేబుల్ మీద పెట్టిన నాతోనూ.

ముందు లెక్క చూద్దాం. ఆ 271 తర్వాత నేను చేసిన మొదటి పని వంటింటి త్రాసు బయటికి తియ్యడం. నేను వేసిన పెద్ద రకం మెడ్జూల్ ఖర్జూరంలో గింజ తీసేశాక 100 గ్రాములకి దాదాపు 66 గ్రాములు చక్కెరే. ఒక్కో పండు కండ 24 గ్రాముల దాకా తూగుతుంది, అంటే పండుకి 16 గ్రాముల చక్కెర. పది పళ్ళకి 160 గ్రాములు. పంచదార డబ్బా మూత తియ్యకుండానే 160 గ్రాముల చక్కెర నేను గిన్నెలో పోశానన్నమాట. ఆ గిన్నె మొత్తం 375 గ్రాములు తూగింది. నాన్న సగం తిన్నాడు కదా, అంటే 80 గ్రాములు. టీ చెంచాల్లో చెప్పాలంటే ఇరవై.

సరే, అసలు క్యారమెల్ ఎంత పాపం చేసిందో చూద్దామని అదీ చేశాను. 200 గ్రాముల పంచదార, 90 గ్రాముల వెన్న, 120 మిల్లీలీటర్ల క్రీము. దించేసరికి 390 గ్రాములు వచ్చింది. చక్కెర లెక్క కడితే 100 గ్రాములకి 51. ఖర్జూరం దానిలో 43. ఇంతేనా తేడా! నేను కాగితం మీద మూడుసార్లు కూడాను. తేడా అంతా క్యాలరీల్లో ఉంది, పంచదార క్యారమెల్‌లో 100 గ్రాములకి దాదాపు 435, ఖర్జూరం దానిలో 230. ఆ సగానికి సగం తగ్గడం వెనక ఖర్జూరం మహిమ కంటే 90 గ్రాముల వెన్న, క్రీము లేకపోవడం ఎక్కువ ఉంది. "ఖర్జూరంతో చేశాం కాబట్టి తేలిక" అని చెప్పేవాళ్ళు "వెన్న వెయ్యలేదు కాబట్టి తేలిక" అని చెప్పాలి నిజానికి. బరువు తగ్గాలనుకునేవాళ్ళకి ఇది పనికొచ్చే మాటే. నాన్నలాంటి వాళ్ళకి ఏమీ పనికిరాదు.

ఖర్జూరం తరఫున కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఆ గిన్నెలో 16 గ్రాముల పీచు ఉంది, పంచదార క్యారమెల్‌లో సున్నా. పొటాషియం గ్రామున్నర పైనే ఉంది. ఎమిరేట్స్‌లో 2011లో ఐదు రకాల ఖర్జూరాలతో చేసిన పరిశోధనలో వాటి గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో చక్కెరని ఎంత పెంచుతుందో చెప్పే అంకె, కాస్త అటూ ఇటూగా 45 నుంచి 55 మధ్యే వచ్చింది, షుగర్ ఉన్నవాళ్ళలో కూడా. అది మంచి అంకే, అందరూ చూపించేదీ అదే. కాకపోతే ఆ ఇండెక్స్ కట్టేది 50 గ్రాముల పిండిపదార్థానికి, మెడ్జూల్ పళ్ళలో చెప్పాలంటే ఇంచుమించు మూడే. నాన్న తిన్నది ఐదు పళ్ళు, అదీ చపాతీ మీద. ఇండెక్స్ తక్కువ కదా అని రెట్టింపు తింటే ఆ తక్కువకి అర్థమేముంది?

ఆయన విడిగా ఖర్జూరాలు తినడా అంటే తింటాడు. పొద్దున్నే నానబెట్టిన బాదంపప్పులతో పాటు చిన్నవి రెండు. అవి తినడానికి ఐదు నిమిషాలు పడుతుంది. నోట్లో వేసుకుని, నమిలి, గింజని నాలుకతో చుట్టూ తిప్పి, దాన్ని అంటుకున్న పీచంతా చప్పరించి, గింజ తీసి బాల్కనీ గోడ మీద పెడతాడు. రెండు గింజలు గోడ మీద పడ్డాయంటే ఇక ఆ రోజుకి ఖర్జూరం అయిపోయినట్టే. ఎవరూ చెప్పక్కర్లేదు, లెక్క ఎదురుగా కనిపిస్తుంటుంది. గిన్నెలో నేను పెట్టిన దానికి గింజ లేదు. ఆ గింజలు పదీ నేను అప్పటికే చెత్తబుట్టలో వేసేశాను.

మేము మస్కట్‌లో ఏడేళ్ళు ఉన్నాం. మా వాళ్ళకి ఖర్జూరమంటే గల్ఫ్ నుంచి ఎవరో ఒకరు సూట్‌కేసులో తెచ్చే డబ్బా, లేదా రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర బండి మీద కుప్పలు. మస్కట్‌లో అది రోజువారీ మర్యాద. ఎవరింటికెళ్ళినా, ఆఖరికి బ్యాంకులో మేనేజర్ గదికెళ్ళినా, చిన్న పింగాణీ కప్పులో చక్కెర లేని కహ్వా, పక్కన ఖర్జూరాలు, ఆ పక్కనే గింజలు వేసుకోవడానికి ఖాళీ గిన్నె. చేదు కాఫీ ఒక గుక్క, ఖర్జూరం ఒకటి. చాలనుకుంటే కప్పు చేత్తో అటూ ఇటూ ఊపి ఇచ్చెయ్యాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. ఏడేళ్ళలో ఒక కూర్చోవడంలో మూడు నాలుగుకి మించి తిన్నవాళ్ళని నేను చూడలేదు. తీపిని ఆపడానికి చేదు, లెక్క చెప్పడానికి గింజ. మనం ఇంటర్నెట్‌లో చూసి చేసే క్యారమెల్‌లో ఆ రెండూ తీసేసి తీపి ఒక్కటే ఉంచుకున్నాం.

ఇది నా ఒక్కదాని చాదస్తం అనుకోకండి. చక్కెర లెక్కలు కట్టేవాళ్ళు కూడా ఇక్కడే గీత గీశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం రోజుకి మనం తినే శక్తిలో 10 శాతానికి మించి "ఫ్రీ షుగర్స్" ఉండకూడదు, అంటే ఇంచుమించు 50 గ్రాములు, 25కి తగ్గితే ఇంకా మంచిది. పండుని పండుగా తింటే అందులో చక్కెర ఈ లెక్కలోకి రాదు. తేనె, పళ్ళరసం, పాకాలు వస్తాయి. బ్రిటన్‌లో ఇంకో అడుగు ముందుకేసి, పండుని గుజ్జుగానో పేస్టుగానో చేస్తే అందులో చక్కెరని కూడా లెక్కలో కలుపుతారు. అంటే అదే ఖర్జూరం, పళ్ళెంలో ఉన్నంతసేపు పండు, మిక్సీ జార్‌లోంచి బయటికొచ్చాక చక్కెర! మొదట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, పీచు ఎక్కడికి పోయింది, జార్‌లోనే ఉందిగా అని వాదించాను మా ఆయనతో. నాన్న చెంచా గుర్తొచ్చాక వాదించడం మానేశాను. ప్యాకెట్ల మీద రాసే మాటల గురించి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కూడా ఇదే అంటుంది, పంచదార బదులు ఎండు పండ్ల పేస్టు వేసి "చక్కెర కలపలేదు" అని రాసుకోకూడదని. ప్యాకెట్ మీద రాయకూడని మాట నేను మా నాన్న మొహం మీద చెప్పానన్నమాట.

పీచు ఎక్కడికి పోతుందో నిజంగా చూడాలంటే నిజ్వా కోటకెళ్ళాలి. మస్కట్ నుంచి గంటన్నర ప్రయాణం, పదిహేడో శతాబ్దంలో కట్టింది. లోపల ఒక చీకటి గది ఉంది, నేలంతా దుక్కి దున్నిన చేనులా వరసగా గట్లూ కాలువలూ. దాన్ని మద్బసా అంటారు. ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పైకప్పు దాకా పేర్చేవాళ్ళట. ఆ బరువుకీ వేడికీ కిందున్న పళ్ళలోంచి నల్లటి పాకం కారి, కాలువల్లో పారి, చివరన పెట్టిన కుండలోకి దిగుతుంది. పొయ్యి లేదు, పంచదార లేదు, పాకం తయారు! అక్కడ దాన్ని దిబ్స్ అంటారు. పీచంతా పైన బస్తాల్లోనే ఉండిపోతుంది. ఆ కోట బురుజు మెట్ల దగ్గర తలుపులకి పైన కన్నాలుంటాయి. శత్రువులు తలుపు దాకా వస్తే ఆ కన్నాల్లోంచి మరుగుతున్న ఖర్జూర పాకం పోసేవాళ్ళని గైడు చెప్పాడు. మా చిన్నవాడు రెండు రోజులు అదే ఆట ఆడాడు. ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలో "పంచదారకి సహజ ప్రత్యామ్నాయం" అని సీసాల్లో అమ్ముతున్నదీ ఆ కుండలోకి దిగినలాంటి పాకమే. దానికంటే ఇంట్లో చేసుకునే ముద్ద నయం, పీచైనా ఉంటుంది. ఐతే నున్నగా రావాలని దాన్ని జల్లెడ పట్టకండి. జల్లెడలో మిగిలేదే మీరు దేనికోసమైతే ఇంత కష్టపడుతున్నారో అది.

ఇక రుచి. ఖర్జూరం ముద్ద క్యారమెల్ కాదు. పోలిక ఉంది, అంతే. పంచదార 160 డిగ్రీలు దాటాక రంగు తిరుగుతుంది, ఇంకాస్త ఆగితే ముదురు తేనె రంగు, ఇంకో అరనిమిషం ఆగితే మాడు. ఆ మాడుకి ఒక్క అడుగు ఇవతల ఆపడంలోనే క్యారమెల్ రుచంతా ఉంది, కాస్త చేదు తగలాలి. పాలు, వెన్న వేసి చేసే క్యారమెల్ చాక్లెట్ల రంగు ఐతే వేరే దారిలో వస్తుంది, పాలలో ప్రొటీన్లు చక్కెరతో కలిసి ఎర్రబడతాయి, 118 డిగ్రీల దగ్గరే దించేస్తారు. ఆ డిగ్రీలు చూడ్డానికి థర్మామీటర్ కొనమంటారు వీడియోల్లో. మా అమ్మమ్మ అరిసెలు చేసేటప్పుడు నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేసి వేలితో దగ్గరికి నెట్టి "ఉండ కట్టింది, దించు" అనేది. అదీ ఇదీ ఒకటే పరీక్ష. ఖర్జూరం చెట్టు మీదే ఎండలో మెల్లగా గోధుమరంగు తిరుగుతుంది, దాని వగరంతా పోయి తీపి మిగులుతుంది. మాడు అంచు దాకా వెళ్ళిన పండు కాదది. అందుకే ఉత్త ఖర్జూరం ముద్ద మొదటి చెంచా అద్భుతంగా ఉండి, మూడో చెంచాకి మొహం మొత్తుతుంది. మా నాన్నకి మొత్తదు, అది వేరే సంగతి.

దీనికి నాకు దొరికిన ఉపాయం మన వంటింట్లోనే ఉంది, నేతి గసి. వెన్న కాచాక గిన్నె అడుగున ఎర్రగా, కరకరలాడుతూ మిగులుతుంది చూశారా, చిన్నప్పుడు దాన్ని పంచదార కలిపి పెడితే గిన్నె నాకేవాళ్ళం. ఆ గసి అచ్చం పాలలో ప్రొటీన్లు ఎర్రబడ్డదే, చాక్లెట్లకి ఆ రుచినిచ్చేదీ అదే. ఒక చెంచాడు గసి ఖర్జూరాలతో పాటు మిక్సీలో వేస్తే ఆ వాసనకే వంటింట్లోకి జనం వస్తారు. చేదుకి డికాక్షన్, చిక్కటిది ఒక చెంచా. ఇది మస్కట్ కాఫీ నుంచి ఎత్తుకొచ్చిన ఆలోచన. కాఫీ రుచి తెలియనంత మాత్రమే వెయ్యాలి. ఆ పైన ఉప్పు, మీరనుకునే దానికంటే కాస్త ఎక్కువే. ఈ మూడూ పడ్డాక తీపి తనంతట తానే సర్దుకుంటుంది, పది పళ్ళు పట్టే చోట ఆరు చాలు.

పళ్ళ సంగతి. మెడ్జూల్ కొనక్కర్లేదు, ధర చూస్తే గుండె ఆగుతుంది. (దాని కథ మాత్రం బాగుంటుంది. సొంతూరు మొరాకో. అక్కడ తోటల్ని తెగులు తినేస్తుంటే 1927లో వాల్టర్ స్వింగిల్ అనే అమెరికా శాస్త్రవేత్త 11 పిలకలు తీసుకెళ్ళాడు, తొమ్మిది బతికాయి, కాలిఫోర్నియాలో ఇప్పుడున్న మెడ్జూల్ తోటలు వాటి సంతానమే. పిలకలే నాటాలి, గింజ నాటితే అదే రకం రాదు. మా చిన్నవాడు కుండీలో ఐదు గింజలు పాతి రోజూ నీళ్ళు పోస్తున్నాడు, వాడికి చెప్పకండి.) నల్ల డబ్బాలో వచ్చే కిమియా చక్కగా సరిపోతుంది, మెత్తగా ఉంటుంది, నానబెట్టే పని కూడా తక్కువ. ఎండు ఖర్జూరం వద్దు, అది ఎంత నానబెట్టినా ఇసకగానే ఉంటుంది. సీడ్‌లెస్ అని రాసిన ప్యాకెట్‌ని నమ్మకండి. నేనొకసారి నమ్మి, చట్నీ జార్‌లో వేసి తిప్పితే "టక్" మని ఒక్క చప్పుడు, తర్వాత మోటారు వాసన. ఒకే ఒక్క గింజ. బ్లేడు వంకరపోయింది. అప్పట్నుంచి ప్రతి పండూ చేత్తో విప్పి చూస్తాను. గింజ కోసమే కాదు, లోపల నల్లటి పొడో పురుగో ఉంటే అప్పుడే తెలుస్తుంది.

వేడి నీళ్ళలో పావుగంట. ఆ నీళ్ళు పారబొయ్యకండి, మిక్సీ తిరగడానికి అవే కావాలి. ఈ ముద్ద జార్ గోడలకి ఎగబాకి కూర్చుంటుంది, కింద బ్లేడు ఖాళీగా తిరుగుతుంటుంది. ఆపి, గరిటెతో కిందికి తోసి, రెండు చెంచాల నీళ్ళు పోసి, మళ్ళీ. నాలుగైదుసార్లు ఈ గొడవ తప్పదు. ఒక్కసారిగా నీళ్ళు గుమ్మరిస్తే జారుడై పోతుంది, ఇక అది ఖర్జూరం షర్బత్.

పాలు వేస్తే నాలుగు రోజులు, నీళ్ళతో ఐతే పది రోజులు, రెండూ ఫ్రిజ్‌లోనే. పంచదార క్యారమెల్‌కి నీటి శాతం చాలా తక్కువ, అందుకే నిలవుంటుంది. దీనిలో సగం దాకా నీళ్ళే. మే నెలలో రెండు రోజులు గట్టు మీద మర్చిపోయి మూత తీస్తే బుస్సుమంది, బుడగలు, కల్లు వాసన. మా పక్కింటి పెద్దాయన, నల్గొండ వైపు మనిషి, వాసన చూసి "ఈత కల్లు లెక్కనే ఉందమ్మా" అన్నాడు. ఉండదా మరి, మన ఈత చెట్టూ ఖర్జూరం చెట్టూ ఒకే కుటుంబంలోవి, అక్కాచెల్లెళ్ళు. పారబోశాను. ఆయన ముఖంలో కొంచెం బాధ కనిపించింది.

బెల్లం మీద కూడా ఇలాగే వాదన పెట్టుకోవచ్చు, తాటిబెల్లం మీద, తేనె మీద, కొబ్బరి చక్కెర మీద. పంచదారని విలన్‌ని చేసి దాని చుట్టాలందర్నీ హీరోలని చెయ్యడం ఇప్పటి పద్ధతి. నేను ఆ గొడవలోకి పోను, నాకు ఖర్జూరం ఒక్కటే తెలుసు, అదీ 271 వచ్చాక తెలిసింది. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైన అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది, ఇంకా రాకపోయినా వచ్చే గట్టు మీద ఉన్నవాళ్ళు ఇంకో 13 కోట్ల పైన. అంటే మీరు "షుగర్ లేదు, తినండి" అని గిన్నె చాపినప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి ఆ మాట ఏ అర్థంలో వినిపిస్తుందో ఆలోచించుకోవాలి. "ఖర్జూరంతో చేశాను, ఇందులో ఆరు పళ్ళున్నాయి" అని చెప్పడానికి ఏమంత కష్టం?

నేనిప్పుడు అదే చేస్తున్నాను. గింజలు చెత్తబుట్టలో వెయ్యను. చిన్న సాసర్‌లో పేర్చి గిన్నె పక్కనే పెడతాను, ఎన్ని పళ్ళు వేశానో అన్ని. మొదటిసారి చూసి మా ఆయన "ఇదేంటి, పూజకా" అన్నాడు.

మొన్న ఆదివారం ఆరు పళ్ళతో చేశాను. నాన్న వచ్చి కూర్చున్నాడు, గిన్నె వైపు చూడకముందే సాసర్ వైపు చూశాడు. వేలితో ఒక్కోటీ జరుపుతూ లెక్కపెట్టాడు. "ఆరేనా? పోయినసారి పది వేశావుగా."

"గసి వేశాను నాన్నా, రుచి చూడు" అన్నాను.

ఆయన సాసర్‌లోంచి ఒక గింజ తీసి తన పళ్ళెం అంచున పెట్టుకున్నాడు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తోంది. ఆవిడకి వినబడేట్టు, "నా వాటా ఇదీ" అని, చెంచా అందుకున్నాడు.